లేబుల్ పెట్టేముందు ఒక చిట్టా కొనండి

మా నాన్నది జనగామలో ఎరువుల కొట్టు. కొట్లో రెండు పుస్తకాలుండేవి. రోజు జరిగింది జరిగినట్టు రాసేది చిట్టా. దాన్ని మనిషి మనిషికీ విడదీసి ఎక్కించేది ఆవర్జా. రాత్రి షట్టర్ దించాక ఆవర్జా రాయడం పదో తరగతి దాకా నా పని. 2019లో హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ లేబుల్, అంటే ఆర్టిస్టుల పాటలు విడుదల చేసే సంస్థ, మొదలుపెట్టినప్పుడు, నాకు తెలిసిన సింథసైజర్ల కంటే ఆ అలవాటే ఎక్కువ అక్కరకొచ్చింది.

పగలు కృష్ణానగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఎడిటర్‌గా పనిచేస్తాను. ఇంటి అద్దె ఆ జీతంలోంచే పోతుంది. లేబుల్ నుంచి ఇప్పటికి 23 రిలీజ్‌లు వచ్చాయి. నాతో కలిపి 11 మంది ఆర్టిస్టులం. ఎక్కువగా టెక్నో (బీటు మీద నడిచే డాన్స్ సంగీతం), యాంబియంట్ (నెమ్మదిగా పరుచుకునే సంగీతం), మధ్యలో పేరు పెట్టలేనివి కొన్ని. ఈ మధ్య నెలకు ఇద్దరు ముగ్గురైనా "అక్కా, లేబుల్ ఎలా పెట్టాలి?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే అందరికీ ఒకేసారి, వివరంగా రాద్దామని కూర్చున్నాను.

అసలు మీకు లేబుల్ కావాలా?

మీ పాటలు మాత్రమే విడుదల చేసుకోవాలంటే లేబుల్ అక్కర్లేదు. పాటల్ని స్పాటిఫైలాంటి స్టోర్లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఖాతా, శ్రోతలకు నేరుగా పాటలమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైట్‌లో ఒక పేజీ ఉంటే చాలు. అప్‌లోడ్ చేసేటప్పుడు లేబుల్ పేరు అని ఒక గడి ఉంటుంది, అందులో మీకు నచ్చింది రాసుకోవచ్చు. ఆ గడి నింపగానే లేబుల్ పుట్టదు. రెండో మనిషి తన పాట తెచ్చి మీ చేతిలో పెట్టిన రోజు పుడుతుంది. ఆ రోజు నుంచి ఇంకొకరి పనికి, ఇంకొకరి డబ్బుకు మీరు జవాబుదారీ.

ఆర్టిస్టులే లేబుల్ నడపడం ఎలక్ట్రానిక్ సంగీతంలో మొదటి నుంచీ ఉంది. అమెరికాలోని డెట్రాయిట్‌లో, టెక్నో తొలి ఆర్టిస్టుల్లో ఒకడైన హువాన్ అట్కిన్స్ 1985లో మెట్రోప్లెక్స్ పెట్టింది తన రికార్డులు తానే తెచ్చుకోవడానికి. మరుసటి ఏడాది డెరిక్ మే ట్రాన్స్‌మాట్ పెట్టాడు. టెక్నో ప్రపంచమంతా తిరిగింది అలాంటి చిన్న లేబుళ్ల మీదే. కాబట్టి చిన్నగా మొదలుపెట్టడానికి సంకోచం వద్దు. కాకపోతే మీ స్నేహితుల పాటల కోసం నెలకు 20 గంటలు ఇవ్వగలరా, మూడేళ్ల పాటు ఇవ్వగలరా అన్నది ముందే తేల్చుకోండి. నాకు సగటున అంత పడుతోంది. అందులో సంగీతం వినే సమయం నాలుగో వంతు కూడా ఉండదు.

పేరు, బ్యాంకు, రిజిస్ట్రేషన్

ఇది తొందరగా ముగిసే పని. అనుకున్న పేరుతో ఇప్పటికే ఎవరైనా ఉన్నారేమో స్పాటిఫై, బ్యాండ్‌క్యాంప్, బీట్‌పోర్ట్, సౌండ్‌క్లౌడ్‌లలో వెతకండి. తర్వాత ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో 9వ తరగతి, 41వ తరగతి చూడండి. రికార్డింగులు మొదటి దాంట్లోకి, సంగీత, వినోద సేవలు రెండో దాంట్లోకి వస్తాయి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి ఫీజు 4,500 రూపాయలు. మొదటి ఏడాదే చేయాల్సిన పని కాదు. నేను మూడో ఏడాది చేశాను.

ఒక్కరే నడిపితే ప్రొప్రైటర్‌షిప్ చాలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) ఉచితం, అరగంటలో అయిపోతుంది, దాంతో కరెంట్ ఖాతా తెరవడం సులువవుతుంది. సేవల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్‌టీ నమోదు తప్పనిసరి. మనలాంటి లేబుళ్లకు ఆ గీత చాలా దూరం. ఇద్దరు కలిసి పెడితే మాత్రం, ఎంత ప్రాణ స్నేహితులైనా, పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాసుకోండి. ఒకరు బెంగళూరుకో, డల్లాస్‌కో వెళ్లిపోతే పాటలు ఎవరివి, పేరు ఎవరిది, పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గర ఉంటాయి అనేది అందులో ఉండాలి.

ఒక్కటి మాత్రం మొదటి రోజే చేయండి. లేబుల్ డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా పెట్టండి. నేను మొదటి పద్నాలుగు నెలలూ జీతం పడే ఖాతాలోనే కలిపేశాను. ఏ డాలర్ ఎవరి పాటకు వచ్చిందో విడదీయడానికి తర్వాత రెండు ఆదివారాలు పట్టింది. ఒక ఆర్టిస్టుకు 1,150 రూపాయలు తక్కువ ఇచ్చానని అప్పుడే తెలిసింది. పంపించి, క్షమాపణ చెప్పుకున్నాను.

కాగితం

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఎక్కువమంది వదిలేసేది ఇదే.

మనం లాప్‌టాప్‌లో చేసిన ఒక్క పాటలో రెండు హక్కులుంటాయి. ఒకటి స్వరరచన మీద, రెండోది ఆ రికార్డింగ్ మీద. ఒంటరిగా చేసుకునే ప్రొడ్యూసర్‌కు రెండూ తనవే కాబట్టి తేడా తెలియదు. లేబుల్‌కు ఇచ్చేటప్పుడు తెలుస్తుంది. లేబుల్‌కు కావాల్సింది రికార్డింగ్ మీద, అదీ కొంతకాలానికి. స్వరరచన హక్కు ఆర్టిస్టు దగ్గరే ఉండాలి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దానికి 2012లో సవరణ వచ్చింది. సినిమా పాటలకే కాదు, మనలాంటి విడి రికార్డింగులకూ వర్తిస్తుంది. స్వరకర్తకు వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును ఏ లేబుల్ వాళ్లూ రాయించేసుకోలేరు, రాసిచ్చినా చెల్లదు. ఇది తెలియక "అన్ని హక్కులూ శాశ్వతంగా" అనే నమూనా అగ్రిమెంట్‌ను ఇంటర్నెట్ నుంచి దించి వాడుతున్నవాళ్లను చూశాను. అది చట్టానికీ, స్నేహానికీ రెండింటికీ చెడ్డది.

అదే చట్టంలోని 19వ సెక్షన్ ప్రతి లేబుల్ యజమానీ చదవాలి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లు అని అర్థం. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, వేరేగా రాసుకుని ఉంటే తప్ప, అది వెనక్కి పోతుంది. లైసెన్సులకూ ఇవే నియమాలు. ఇప్పుడు ఆలోచించండి: మీరు వాట్సాప్‌లో "సరే తమ్ముడూ, వచ్చే నెల రిలీజ్ చేద్దాం" అనుకుని, ఆ పాటను 100కు పైగా దేశాల్లో పెట్టారు. బెర్లిన్‌లో ఎవరో దాన్ని కాపీ కొట్టి సొంత పేరుతో పెడితే, దాన్ని తీయించడానికి మీ దగ్గర చూపించే కాగితం ఏది?

నా అగ్రిమెంట్ రెండు పేజీలు. ఒక పేజీ ఇంగ్లిష్, ఒక పేజీ తెలుగు. అందులో ఉండేవి ఇవి. రికార్డింగ్ లైసెన్స్ అయిదేళ్లు, ప్రపంచమంతటికీ. తొమ్మిది నెలల్లో నేను రిలీజ్ చేయకపోతే పాట వెనక్కి. మాస్టరింగ్ (విడుదలకు ముందు పాట శబ్దాన్ని ఆఖరిసారి సరిదిద్దడం), కవర్ ఖర్చులు ముందే అంకెల్లో రాస్తాం, ఆ అంకె దాటితే నేను ఆర్టిస్టును అడగాలి, అడగకుండా పెడితే నా జేబులోంచే. ఖర్చులు పోను మిగిలింది చెరి సగం. జనవరిలో, జూలైలో లెక్క పంపాలి, సున్నా వచ్చినా పంపాలి. రీమిక్స్‌కు, యాడ్‌కు, సినిమాకు ఇవ్వాలంటే ఆర్టిస్టు అనుమతి కావాలి. చివర్లో ఒక వాక్యం: ఈ పాటలో వాడిన శాంపిళ్లు (వేరేచోటి నుంచి తీసుకున్న శబ్దం ముక్కలు) ఎక్కడివో ఆర్టిస్టు రాసి ఇవ్వాలి.

ఒక లాయర్ దగ్గర ఒక్కసారి చూపించుకోండి. నాకు 4,000 తీసుకున్నారు. ఈ ఏడేళ్లలో నేను పెట్టిన ఖర్చుల్లో అంత విలువైనది మరొకటి లేదు.

డప్పు రికార్డింగ్

శాంపిళ్ల మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. 2021లో బోనాల తర్వాత మా ఆర్టిస్టు ఒకతను డప్పు దరువులతో ఒక ట్రాక్ చేశాడు. వీధిలో ఫోన్‌తో రికార్డ్ చేసిన దరువు అది. ట్రాక్ చాలా బాగుంది. కానీ వాయించింది ఎవరో తెలియదు. నేను ఆపమన్నాను. అతనికి కోపమొచ్చింది, రెండు వారాలు మాట్లాడలేదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎవరి చేతుల్లోంచి వచ్చిన శబ్దమో తెలియకుండా దాన్ని అమ్మడానికి నాకు మనసొప్పలేదు.

చివరికి మా ఊరివైపు వెళ్లి ఒక డప్పు బృందంతో మాట్లాడాం. అయిదుగురు. సగం రోజు రికార్డింగ్‌కు వాళ్లు పెళ్లికి తీసుకునేంత ఇచ్చాం. వేపచెట్టు కింద, సెగ పెట్టి డప్పులు కాచుకుంటూ వాయించారు. చలికాలం పొద్దున చర్మం వదులైతే శ్రుతి దిగిపోతుంది. ప్రతి ఇరవై నిమిషాలకూ మంట దగ్గరికి వెళ్లాల్సిందే. ఆ మంట చిటపటలు కూడా ట్రాక్‌లో ఉన్నాయి. బృందంలో పెద్దాయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాక అడిగాడు.

"గిది ఎవలింటరు బిడ్డా? సినిమాలకా?"

"సినిమాకు కాదు పెద్దనాయినా. డాన్స్ పాట. బయటి దేశపోల్లు గూడ ఇంటరు."

"మరి అండ్ల మా పేర్లుంటయా?"

అయిదుగురి పేర్లూ ఉన్నాయి. బ్యాండ్‌క్యాంప్ పేజీలో తెలుగులో, స్టోర్లకు వెళ్లే పాట వివరాల్లో (మెటాడేటా) పర్‌ఫార్మర్లుగా ఇంగ్లిష్ లిపిలో. మన చట్టం ప్రకారం ప్రదర్శకుడికీ హక్కులున్నాయి, వాణిజ్యంగా వాడితే రాయల్టీలో వాటా ఉంది. కాబట్టి తెలుగు పేజీ ఒకటి వేరేగా రాసి, చదివి వినిపించి, సంతకాలు తీసుకున్నాం. లేబుల్ వాటాలోంచి పదిశాతం వాళ్లది. జనవరిలో, జూలైలో వాళ్లలో ఒకరి ఫోన్‌పేకు వెళ్తుంది. కిందటిసారి 640 రూపాయలు. చిన్న మొత్తమే. అయినా ఎవరి పాటకు ఎంతొచ్చిందో చెప్పి మరీ పంపుతాను.

జానపద వాద్యాన్ని మీ ట్రాక్‌లోకి తీసుకుంటుంటే దయచేసి ఈ దారిలో వెళ్లండి. ఖర్చు మరీ ఎక్కువేమీ కాదు. పైగా ఫోన్‌లో దొంగచాటుగా పట్టిన దరువు కంటే, నాలుగు మైకుల ముందు ఇష్టంగా వాయించిన దరువు పది రెట్లు బాగుంటుంది.

ఇంకో చిక్కు. డబ్బిచ్చి కొన్న శాంపిల్ ప్యాక్‌లోని లూప్ (తిప్పి తిప్పి వాడే శబ్దం ముక్క) వాడిన పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో నమోదు చేయకండి. వేరేవాళ్ల వీడియోల్లో మన పాటను గుర్తుపట్టే ఏర్పాటు అది. అదే లూప్ కొన్నవాళ్లు ప్రపంచంలో వేలమంది ఉంటారు. మీ నమోదు వల్ల వాళ్ల వీడియోలకు క్లెయిమ్ పడుతుంది, లేదా వాళ్ల నమోదు వల్ల మీకు పడుతుంది. డిస్ట్రిబ్యూటర్ ఫారంలో ఆ టిక్ తీసేయండి.

కోడ్‌లు, ఫైళ్లు, తేదీలు

ప్రతి రికార్డింగ్‌కూ ఐఎస్‌ఆర్‌సీ అని 12 అక్షరాల కోడ్ ఉంటుంది. దేశం, నమోదుదారు, సంవత్సరం, వరుస సంఖ్య అందులో ఉంటాయి. మన దేశంలో వీటిని ఇచ్చేది ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ సంస్థ. చిన్న లేబుల్‌కు డిస్ట్రిబ్యూటర్ ఉచితంగా ఇచ్చేవి సరిపోతాయి. కానీ కోడ్ పాటకు చెందినది, డిస్ట్రిబ్యూటర్‌కు కాదు. అది పుట్టు మచ్చలాంటిది, మారకూడదు. 2021లో డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేశాను. కొత్త కోడ్‌లు వాటంతట అవే వచ్చేశాయి. ఆరు పాటల ప్లే లెక్కలు సున్నాకు పడిపోయాయి, చేరిన ప్లేలిస్టుల్లోంచి మాయమయ్యాయి. అందుకే ఇప్పుడు నా ఆవర్జాలో మొదటి నిలువు గడి ఐఎస్‌ఆర్‌సీ. మారేటప్పుడు పాత కోడ్, అదే పేరు, అదే నిడివి ఉన్న ఫైలు ఇవ్వండి. కొత్తది కనిపించాకే పాతది తీయించండి.

మాస్టరింగ్ వేరే చెవులతో చేయించండి. మీరెంత బాగా చేయగలిగినా సరే. మూడు నెలలుగా అదే పాట వింటున్న చెవికి బాస్ ఎక్కువైందో తక్కువైందో తెలియదు. స్పాటిఫై శబ్ద తీవ్రతను మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ఆ తీవ్రతను కొలిచే ప్రమాణం) దగ్గరికి సర్దుతుంది. క్లబ్ ట్రాక్‌లు దానికంటే చాలా గట్టిగా ఉంటాయి, ఉండాలి కూడా. స్ట్రీమింగ్ అంకె కోసం టెక్నో ట్రాక్ ఊపిరి తీయకండి. 24 బిట్ వేవ్ ఫైలు తీసుకోండి, దాంతోపాటు డీజేల కోసం ఏఐఎఫ్‌ఎఫ్ కూడా అడగండి. వేవ్‌లో పాట పేరు, కవర్ బొమ్మ సరిగ్గా నిలవవు. ఏఐఎఫ్‌ఎఫ్‌లో నిలుస్తాయి. డీజే యూఎస్‌బీలో మీ పాట "ఫైనల్ 7" అని కనిపిస్తే దాన్ని ఎవరూ ఎత్తుకోరు.

కవర్ 3000 బై 3000 పిక్సెళ్లు. మాటలు లేని పాటకు భాష గడిలో ఇన్‌స్ట్రుమెంటల్ అని ఎంచుకోండి, తెలుగు అని పెట్టకండి. పెడితే సినిమా పాటల మధ్యకు వెళ్లి పడుతుంది. ఆర్టిస్టు పేరు ఒకే స్పెల్లింగ్‌తో ఎప్పటికీ ఉండాలి. మన పేర్లను ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఒక "హెచ్" అటూ ఇటూ అయితే స్పాటిఫైలో ఇద్దరు మనుషులవుతారు.

రిలీజ్ తేదీకి అయిదు వారాల ముందు అప్‌లోడ్ చేస్తాను. స్పాటిఫై ఎడిటర్లకు పాట పంపాలంటే కనీసం ఏడు రోజుల ముందు పంపాలి, అదీ ఒక్కసారికి ఒక్క పాటే. ఏడు రోజుల మీద ఆధారపడితే టెన్షన్ తప్పదు. కవర్‌లో ఏదో తప్పుందని ఫైలు వెనక్కొస్తే నాలుగు రోజులు అక్కడే పోతాయి.

డబ్బు నిజంగా ఎంత వస్తుంది

దాచకుండా చెబుతాను. 2023 మేలో ఒక నాలుగు పాటల ఈపీ (ఆల్బమ్ కంటే చిన్న రిలీజ్) తెచ్చాం. మాస్టరింగ్ పాటకు 2,500 చొప్పున 10,000. కవర్ గీసినామెకు 5,000. చిల్లర ఖర్చులు 1,000. మొత్తం 16,000.

బ్యాండ్‌క్యాంప్‌లో 5 డాలర్ల చొప్పున 60 మంది కొన్నారు. 300 డాలర్లు. బ్యాండ్‌క్యాంప్ వాటా 15 శాతం, అంటే 45. చెల్లింపు ఛార్జీలు సుమారు 20. రూపాయల్లోకి మారి ఖాతాలో పడింది 18,800. ఖర్చులు పోను 2,800. నాకు 1,400, ఆర్టిస్టుకు 1,400. అదే ఈపీకి మొదటి ఆరు నెలల్లో అన్ని స్ట్రీమింగ్ స్టోర్లూ కలిపి ఇచ్చింది 2,300. అంటే అరవై మంది కొనుగోలుదారులు, వేలమంది శ్రోతల కంటే ఎనిమిది రెట్లు ఇచ్చారు.

దీంట్లోంచి నేను నేర్చుకున్నది, ఆ అరవై మందిని గుర్తుపెట్టుకోవాలని. బ్యాండ్‌క్యాంప్‌లో కొనేవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల ఈమెయిల్ మనకు వస్తుంది. ఇప్పుడు నా జాబితాలో 412 మంది ఉన్నారు. ప్రతి రిలీజ్‌కూ వాళ్లకు పది వాక్యాల ఉత్తరం రాస్తాను: ఈ పాట ఏ గదిలో పుట్టింది, ఏ వాద్యం, ఎవరు. 2020 మార్చి 20న బ్యాండ్‌క్యాంప్ తన వాటా వదులుకునే శుక్రవారాలు మొదలుపెట్టింది. మా రిలీజ్‌లు వీలైనంత వరకూ ఆ శుక్రవారాల్లోనే పెడతాం.

మన దగ్గర ఒక చిక్కుంది. బ్యాండ్‌క్యాంప్ డబ్బు మనకు చేర్చే పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి దేశం లోపలి చెల్లింపులు ఆపేసింది. లండన్ అతను కొనగలడు కానీ, లింగంపల్లి అమ్మాయి మన పాట కొనాలంటే ఇబ్బంది. అందుకని మన ఊరివాళ్లకు యూపీఐ క్యూఆర్ కోడ్ పెట్టాను. 200 రూపాయలు పంపి స్క్రీన్‌షాట్ పెడితే, బ్యాండ్‌క్యాంప్ డౌన్‌లోడ్ కోడ్ ఒకటి పంపుతాను. ప్రోగ్రాంలలో అదే కోడ్‌ను చిన్న కార్డు మీద ముద్రించి అమ్ముతాం. చేత్తో చేసే పనే, అయినా మొత్తం అమ్మకాల్లో ఇప్పుడు మూడో వంతు ఇలాగే వస్తోంది.

స్ట్రీమింగ్ గురించి తెలుసుకోవాల్సినవి రెండు. స్పాటిఫై ఒక్కో ప్లేకు ఇంత అని ఇవ్వదు. వచ్చిన ఆదాయాన్ని మొత్తం ప్లేల్లో వాటాలుగా పంచుతుంది. మన దేశంలో ఉచితంగా వినేవాళ్ల ప్లే విలువ, అమెరికాలో నెలనెలా చందా కట్టేవాళ్ల ప్లే విలువలో చిన్న ముక్క. రెండోది, 2024 నుంచి గడిచిన 12 నెలల్లో 1,000 ప్లేలు దాటని పాటకు డబ్బేమీ రాదు. మా నాలుగు పాటల్లో రెండు ఆ గీత దాటలేదు. లెక్క పంపేటప్పుడు ఆ రెండింటి పక్కన సున్నా రాసి, ఎందుకో కింద ఒక వాక్యం రాశాను.

అమెరికా నుంచి వచ్చే రాయల్టీ మీద అక్కడ పన్ను కోస్తారు. డబ్ల్యూ-8 బెన్ ఫారం నింపి పాన్ నంబర్ ఇస్తే, రెండు దేశాల ఒప్పందం ప్రకారం 15 శాతం. నింపకపోతే 30. చాలామంది ఆ ఫారం చూసి భయపడి దాటేస్తారు. పావుగంట పని, కూర్చుని నింపండి. విదేశీ డబ్బు వచ్చినట్టు కాగితాలన్నీ దాచి, ఏడాది చివర సీఏకు ఇవ్వండి. స్వరకర్తల, రచయితల రాయల్టీలు వసూలు చేసే ఐపీఆర్‌ఎస్‌లో ప్రతి ఆర్టిస్టునూ స్వరకర్తగా చేరమంటాను. అది లేబుల్ డబ్బు కాదు, నేరుగా వాళ్లది. పాటల పేర్లు, వాటా శాతాలు నమోదు చేయకుండా సభ్యత్వం మాత్రం తీసుకుంటే ఏమీ రాదు.

వినైల్ (గ్రామఫోన్ తరహా రికార్డు) గురించి అందరూ అడుగుతారు. ఫ్యాక్టరీలు సాధారణంగా కొన్ని వందల కాపీలకు తక్కువ కొట్టవు, బయట కొట్టిస్తే కస్టమ్స్, రవాణా కలుస్తాయి. మేము ఇంకా చేయలేదు. 50 క్యాసెట్లు మాత్రం చేశాం, అన్నీ పోయాయి.

ఒక డిస్ట్రిబ్యూటర్ ఏడు నెలలు మా డబ్బు పంపలేదు, ఈమెయిళ్లకు జవాబు కూడా లేదు. పేరు రాయను. ఆ ఏడు నెలలూ నేను ఆర్టిస్టులకు నెలనెలా ఒక మెసేజ్ పెట్టాను: ఇంకా రాలేదు, ఇవాళ మళ్లీ రాశాను, ఇదిగో రాసింది. పదిమందిలో ఒక్కరూ అనుమానించలేదు. డబ్బు ఆలస్యమైతే మనుషులు ఓర్చుకుంటారు. మనం మాట్లాడకుండా ఉంటే ఓర్చుకోరు.

వినేవాళ్ల దగ్గరికి

ప్రమోషన్‌కు నేను డబ్బు పెట్టను. ఆరు వారాల ముందు 40 మంది డీజేలకు విడివిడిగా రాస్తాను. ఒక్కో ఉత్తరం అయిదు వాక్యాలు: మీరు ఫలానా సెట్‌లో ఫలానా తరహా వాయించారు, ఈ రెండో ట్రాక్ దానికి సరిపోతుంది, బీపీఎం (నిమిషానికి బీట్లు) ఇంత, స్కేల్ ఇది, డౌన్‌లోడ్ లింక్ ఇదిగో. నాలుగు ట్రాకులూ వినమని అడగను. ఒక్కటి చూపిస్తాను. ఎనిమిది మంది జవాబిస్తారు, ముగ్గురు వాయిస్తారు. ఆ ముగ్గురిలో ఒకరు వాయించిన వీడియో వల్ల ఒకసారి మా ఆర్టిస్టుకు గోవాలో షో వచ్చింది.

డబ్బు తీసుకుని ప్లేలు పెంచుతామనేవాళ్ల జోలికి పోకండి. 2022లో మా ఆర్టిస్టు ఒకతను నాకు చెప్పకుండా 3,000 ఇచ్చాడు. వారంలో ఒకే ఊరి నుంచి వేల ప్లేలు వచ్చాయి. డిస్ట్రిబ్యూటర్ రిలీజ్ మొత్తాన్ని తీసేశాడు. అందులో ఇంకో ఆర్టిస్టు రీమిక్స్ కూడా ఉంది, ఆమె ఏ తప్పూ చేయలేదు. అప్పటి నుంచి అగ్రిమెంట్‌లో దాని మీద ఒక వాక్యం చేరింది.

లేబుల్ నైట్ (మన ఆర్టిస్టులతో నడిపే షో) పెడితే సగం డబ్బు ముందే తీసుకోండి. పీపీఎల్ (రికార్డింగులు బహిరంగంగా వేయడానికి లైసెన్స్ ఇచ్చే సంస్థ), ఐపీఆర్‌ఎస్ లైసెన్సులు ఎవరు కట్టాలో ముందే రాసుకోండి. హాల్ చూడటానికి వెళ్లినప్పుడు సబ్‌ఊఫర్లు నిజంగా పనిచేస్తాయో లేదో మీ పాట వేసి వినండి.

మీ సంగీతం ఏమవుతుంది

2022లో మేము ఏడు రిలీజ్‌లు తెచ్చాం. ఆ ఏడాది నేను ఒక్క పాట కూడా పూర్తి చేయలేదు. డిసెంబర్‌లో నా ప్రాజెక్ట్ ఫోల్డర్ తెరిచి చూస్తే, అన్నీ ఎనిమిది బార్ల దగ్గర, అంటే కొద్ది సెకన్లకే, ఆగిపోయిన ముక్కలు. చాలా బాధపడ్డాను. నేను లేబుల్ పెట్టింది సంగీతం చేస్తాను కాబట్టి. చేయడం ఆగిపోతే, ఇతరుల పాట ఎందుకు బాగుందో చెప్పే చెవి కూడా మొద్దుబారుతుంది.

ఇప్పుడు ఏడాదికి నాలుగే రిలీజ్‌లు. లేబుల్ పని మంగళ, గురువారాల రాత్రి, ఆదివారం రెండు గంటలు. పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా ఫోన్ వంటింట్లో ఉంటుంది, నేను సింథ్ ముందు ఉంటాను. నా పాటలకు ఇతరుల పాటలకంటే ఎక్కువ బడ్జెట్ పెట్టను. నా రిలీజ్ ఓకే చేసే అధికారం కూడా నాకు లేదు. మిగతా పదిమందిలో ఇద్దరు విని ఒప్పుకోవాలి. రెండుసార్లు వద్దన్నారు. రెండుసార్లూ వాళ్లే రైటు.

డెమోలకు మూడు వారాల్లో జవాబిస్తాను. వద్దనాల్సి వస్తే ఒక్క కారణమైనా స్పష్టంగా చెబుతాను: "మూడో నిమిషంలో కిక్ తిరిగొచ్చేచోట బాస్‌లైన్ దాన్ని కప్పేస్తోంది తమ్ముడూ, ఒకసారి విను." అతి దగ్గరి స్నేహితుడి డెమో వద్దనడం అన్నిటికంటే కష్టం. ఫోన్లో చెప్పను, ఎదురుగా కూర్చుని చెబుతాను. నచ్చని పాటను మొహమాటంతో విడుదల చేస్తే, దాని కోసం ఆ నలభై ఉత్తరాలు మనస్ఫూర్తిగా రాయలేను.

మాస్టర్లు ఎక్కడ ఉంటాయి

ఇంట్లో ఒక హార్డ్ డిస్క్, క్లౌడ్‌లో ఒక కాపీ, జనగామలో నాన్న బీరువాలో ఇంకో డిస్క్. ప్రతి దసరాకు ఊరెళ్లినప్పుడు ఆ డిస్క్ మార్చి వస్తాను. దాంట్లో మాస్టర్లు (పాటల ఆఖరి అసలు ఫైళ్లు), స్టెమ్‌లు (పాటలోని ఒక్కో భాగం విడి ఫైళ్లు), సంతకం చేసిన అగ్రిమెంట్ల స్కాన్‌లు, ఐఎస్‌ఆర్‌సీ జాబితా, కవర్ల అసలు ఫైళ్లు ఉంటాయి. పాస్‌వర్డ్‌లన్నీ కవర్‌లో పెట్టి అంటించి మా చెల్లికిచ్చాను. నాకేమైనా అయితే ఎవరి పాటలు ఎవరికి తిరిగివ్వాలో ఒక పేజీ రాసి అందులోనే పెట్టాను.

అయిదేళ్ల లైసెన్స్ ముగిసిన మొదటి ఆర్టిస్టు కిందటేడాది సొంతంగా లేబుల్ పెట్టుకుంటానన్నాడు. అతని మూడు పాటల మాస్టర్లు, కోడ్‌లు, ఆఖరి లెక్క ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. నా ఎక్సెల్ ఆవర్జా నమూనా కూడా ఖాళీది ఒకటి అందులో వేశాను. మీలో ఎవరికైనా కావాలంటే అడగండి, పంపుతాను.